పసుపు కాళ్ల పిల్లలు

ఉగాదికి వారం ముందు, పొదుగు మీదున్న మా నాటుపెట్ట సరిగ్గా 19వ రోజున గంపలోంచి లేచొచ్చింది. మళ్లీ పట్టుకుని కూర్చోబెడితే నిలవలేదు. గూటినిండా కోడిపేను. కింద 12 గుడ్లు, ఒక్కటీ దాని సొంతం కాదు. తల్లులు మా గ్రామప్రియ పెట్టలు, తండ్రి పక్కింటివాళ్ల డేగ పుంజు, అసిల్ రక్తమున్నది. గ్రామప్రియ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకం. పెరట్లో మేసి తిరిగినా ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది గానీ పొదుగుకు కూర్చోదు. గుడ్ల కోసం తరతరాలు ఏరుకుంటూ పోయేసరికి ఆ గుణం జారిపోయింది. అందుకే ఇలాంటి గుడ్లను నాటుకోడి కింద పెట్టి లేపించుకుంటాం.

మా అవ్వ ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుంది. "ఇంకా ఉడుకు ఉండాది నాయినా, పారేయొద్దు" అంది. ఈజిప్టులో మట్టి గదుల్లో వేల గుడ్లు పొదిగించేవాళ్లు కూడా తరతరాలుగా ఇలాగే కనురెప్పతో వేడి చూసేవాళ్లని తర్వాత చదివాను. అవ్వకు ఎవరు చెప్పారని అడిగితే, "మీ తాత వాళ్లమ్మ చూసేది" అని తన అత్త పేరు చెప్పింది.

థర్మాకోల్ పెట్టె, 40 వాట్ల బల్బు, గిన్నెడు నీళ్లు, ఒక థర్మామీటరు. ముల్లు 37.5 డిగ్రీల దగ్గర నిలబడేదాకా మూతను అంగుళం అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. వేడి కుదిరింది, తడి కుదరలేదు. చివరి మూడు రోజులు పెట్టెలో తేమ 65 శాతానికి తగ్గకూడదు. మా ముదిగుబ్బ వైపు ఎండాకాలపు గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తడి గోనెపట్టా గంటకే ఆరిపోయింది. రాత్రంతా తడుపుతూనే ఉన్నాను.

21వ రోజు తెల్లవారుజామున పెంకులు చిట్లడం మొదలైంది. ఒక గుడ్డుకు రూపాయి బిళ్లంత కన్నం పడి అక్కడే ఆగిపోయింది. లోపల ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పెంకు కింది పొర ఎండిన కాగితంలా నూగుకు అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి అద్దాను. కొంచెం లాగి చూస్తే నెత్తురు చిమ్మింది. చెయ్యి తీసేశాను. మధ్యాహ్నానికి ఆ ముక్కు కదలడం మానేసింది. కరువంటే చెరువులో, చేనులో, బోరుబావిలో కనబడేదనుకునేవాణ్ణి. గుడ్డు పెంకు లోపలికి కూడా అది వస్తుందని ఆ రోజు చూశాను.

రెండు మురిగిపోయాయి. తొమ్మిది లేచాయి.

వాటికి తల్లి లేదు కాబట్టి రెక్కల పని మేం చెయ్యాలి. పెద్ద అట్టపెట్టెను విప్పి గుండ్రంగా వంచి తీగతో కట్టాం. మూలలుంటే చలికి పిల్లలన్నీ అక్కడికే తోసుకుని, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. కింద శెనక్కాయ పొట్టు. మా దగ్గర దానికి కొదవ లేదు గానీ చెమ్మ తగిలి బూజు వాసన వచ్చేదాన్ని దగ్గరికి రానివ్వకూడదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు విషమని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే పేరు ప్రపంచానికి తెలిసింది అలాగే. మన పంటే మన పిల్లల్ని చంపగలదు. అందుకని పొట్టును రెండు రోజులు మిద్దె మీద ఎండలో పోశాను.

మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. నిజానికి థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరితే చలి. అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి. చెల్లాచెదురుగా పడుకుంటే హాయిగా ఉన్నట్టు. కరెంటు పోయిన రాత్రులు వేడినీళ్ల సీసాకు పాత పంచె చుట్టి మధ్యలో పెట్టేవాళ్లం. తొమ్మిదీ దానికే ఒరిగి పడుకునేవి. ఏడో రోజు కొక్కెర రోగానికి కంట్లో చుక్క మందు వేశాం.

తొమ్మిదీ రకరకాల రంగులు. ఒకటి కారునలుపు, రెండు డేగ, ఒకటి మచ్చల బూడిద. అయిదింటి కాళ్లు పసుపు. చూడ్డానికొచ్చిన పక్కింటి కుర్రాడు, "ఇవి నాటువీ కాదు, ఫారంవీ కాదు. ఏమని జెప్పి అమ్ముతావన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నాటుకోడి అంటేనే సంతలో ధర. వాడితో పాటు వచ్చిన పెద్దాయన మాత్రం "సంకరం" అని ఒక్క మాటనేసి వెళ్లిపోయాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి భయాల్లో వర్ణసంకరం ఒకటి. అప్పట్నుంచి ఇప్పటిదాకా మన నోట అది తిట్టుగానే ఉంది. కానీ ఆ పసుపు కాళ్ల సంగతి చూడండి. ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి అని అందరూ అంటారు. దాని చర్మంలో ఆ పసుపు లేదు. అది దక్షిణ భారతపు అడవుల్లో తిరిగే బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు జన్యువులు చూసి తేల్చారు. అంటే మనం "అచ్చమైన నాటు" అనుకునే పసుపు కాళ్ల కోడి కూడా ఎన్నడో జరిగిన కలయికే. అనంతపురం మెట్టకు గుర్తయిన శెనక్కాయ దక్షిణ అమెరికాది. కదిరి పరిశోధన కేంద్రంలో కొత్త రకాలు వస్తున్నదీ మొక్కను మొక్కతో కలిపే. ఈ మన్నులో నాలుగు కరువులు ఓర్చుకున్నదాన్ని మనం నాటు అంటున్నాం, అంతే.

కలిపిన ప్రతిదీ మేలవుతుందని నేననను. తొలి తరంలోని జోరు మలి తరంలో చెదిరిపోతుంది. రైతును మళ్లీ మళ్లీ కొత్త పిల్లల్ని తెచ్చుకోమనేది అందుకే. అది లెక్క చూసుకోవాల్సిన విషయం, సిగ్గుపడాల్సిన విషయం కాదు.

మా బంధువుల్లో ఒకమ్మాయి కులం బయట పెళ్లి చేసుకుంటే, పుట్టిన బిడ్డను చూడ్డానికి రెండేళ్లు ఎవరమూ పోలేదు. నేనూ పోలేదు. పెద్దవాళ్లకు కోపమొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరి గుడ్లో, ఎవరి పుంజో అడక్కుండా తొమ్మిది పిల్లలకు రాత్రంతా వేడి కాచిన చేతులు నావి. ఆ చేతులతో ఒక బిడ్డను ఎత్తుకోలేకపోయాను. ఆ వేసవిలోనే ధర్మవరం పోయి చూసొచ్చాను. వాడు నన్ను చూసి ఏడ్చాడు. కొత్త ముఖం కదా.

కుర్రాడికి అప్పుడు చెప్పలేని జవాబు తర్వాత దొరికింది. రెండు పుంజుల్ని ఉన్నదున్నట్టు, గ్రామప్రియకూ డేగకూ పుట్టినవని చెప్పే అమ్మాను. నాటు ధర కంటే కొంచెం తక్కువే పలికింది.

సంక్రాంతి దాటాక, పసుపు కాళ్ల పెట్ట ఒకటి గుడ్లు పెట్టడం ఆపి గంపలో కూర్చుంది. చెయ్యి పెడితే ఈకలు లేపి కసురుతోంది. తల్లి రెక్కల కింద ఒక్క పూటా పడుకోని పిల్ల అది, బల్బు కింద పెరిగింది. పుంజు వైపు నుంచి వచ్చిన గుణమే అయ్యుండాలి, అసిల్ పెట్టలు పొదుగుకు గట్టివి. ఈసారి గూట్లో ముందే బూడిదా వేపాకూ వేశాం. దాని కింద 11 గుడ్లున్నాయి, వాటిలో నాలుగు పక్కింటివి. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.