అన్నానికి పిలిచిన అవ్వ

అనగనగా ఒక రాజు. ఆయనకు పొరుగువాళ్లతో ఏ తగవూ లేదు. అయినా ఏడు సముద్రాల అవతల ఉన్న దేశం మీదికి దండు పంపాడు. ఎందుకని అడిగితే ఒక్కో ఏడు ఒక్కో కారణం చెప్పేవాడు. ఇంటికో పిల్లవాణ్ని పంపమని దండోరా వేయించాడు. పిల్లలు వెళ్లారు. తిరిగి వచ్చేవి చాలావరకు చావు కబుర్లే.

కోట కింది పేటలో ఒక అవ్వ ఉండేది. మనవడు మల్లయ్య పోయాడని తెలిసిన సాయంత్రం, దీపాల వేళకు ఆమె కోట వాకిలి ముందు నిలబడింది. వాడు వీధిలో ఆడుకునే రోజుల్లో పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది: "ఒరే మల్లయ్యా, అన్నం చల్లారిపోతోందిరా, రారా!" చెంగుతో మొహం తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడు ఆమె పక్కన ఇంకో తల్లి నిలబడి తన కొడుకును పిలిచింది.

నెల తిరిగేసరికి వాకిలి ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికుడొకడు ఒకనాడు గుంపులోకి వచ్చాడు. తను చంపిన కుర్రాణ్ని వాడి తల్లి ఏ పేరుతో పిలిచి ఏడ్చిందో అతనికి గుర్తుంది. మన నోటికి తిరిగే పేరు కాదు. తడబడి, మళ్లీ మొదలుపెట్టి, ఆఖరికి సరిగ్గా పలికాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవ్వ అంది: "వాడికీ ఆకలేస్తుంది. పిలవండర్రా." ఆనాటి నుంచి అవతలివాళ్ల పిల్లల పేర్లు కూడా ఆ వాకిట్లో వినిపించాయి.

"ఎందుకవ్వా ఈ శోష? రాజుగారు వినరు. కిటికీలన్నీ మూయించేశారు" అన్నాడు కాపలావాడు.

"వినబడకపోతే మూయించడం దేనికి నాయనా?" అంది అవ్వ.

లోపల రాజు ముందు ఒక తాటాకు ఉంది. కోతలకు ముందే ఆ దేశపు పైరంతా తగలబెట్టమని అందులో ఆజ్ఞ. ముద్ర వేయడమే తరువాయి. రాయసగాడు లక్క కరిగించి నిలబడ్డాడు. మూసిన కిటికీల సందుల్లోంచి పేర్లు వస్తూనే ఉన్నాయి. రాజు చాలాసేపు మాట్లాడలేదు. "ఈ సంగతి వాళ్లకు తెలిస్తే?" అన్నాడు చివరికి. మంత్రి తల వంచుకున్నాడు. "ఈ ఏటికి పక్కన పెట్టండి" అని రాజు లేచిపోయాడు.

యుద్ధం ఆగలేదు. ఇంకొన్నేళ్లు సాగింది. గొంతు పోయింది గానీ ఏమీ జరగలేదనుకుంటూనే అవ్వ కన్నుమూసింది. సముద్రాల అవతల మాత్రం ఆ ఏడు వరి పండింది. కుప్పలు నూర్చారు. పిల్లలు కొత్తబియ్యం అన్నం తిన్నారు. పైరు ఎలా మిగిలిందో అక్కడెవరికీ తెలియదు.

నీతి: అన్యాయానికి ఎదురుగా ఎత్తిన గొంతు దేన్ని ఆపిందో ఎత్తినవాళ్లకు కనబడకపోవచ్చు. కనబడలేదని గొంతు దించకూడదు.

కథ నేను అల్లిందే గానీ, పక్కన పెట్టిన ఆ తాటాకు లాంటిది నిజంగానే ఉండేది. వియత్నాంలో అమెరికా యుద్ధం చేస్తున్న రోజులవి. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, నవంబరు 1లోగా దారికి రాకపోతే తీవ్ర చర్య తప్పదని ఉత్తర వియత్నాంకు రహస్యంగా గడువు పెట్టారు. హైఫాంగ్ రేవులో మైన్లు పరచడం, భారీగా బాంబులు వేయడం ఆ పథకంలో ఉన్నాయి. జనానికి ఇదేదీ తెలియదు. వాళ్లకు తెలిసింది ఇంటికొస్తున్న శవపేటికలే. అక్టోబరు 15న 'మారటోరియం' పేరిట సుమారు 20 లక్షల మంది దేశమంతటా నిరసన తెలిపారు. ఇలాంటివాటికి చలించేది లేదని అధ్యక్షుడు ముందే ప్రకటించి ఉన్నారు. నవంబరు 1 వచ్చింది, పోయింది. ఆ దాడి జరగలేదు.

నవంబరు 13 సాయంత్రం ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం దగ్గర ఇంకో నడక మొదలైంది. దాదాపు 40 వేల మంది చలిలో, ఒకరి వెనక ఒకరుగా, రాత్రీ పగలూ నడిచారు. ఒక చేత కొవ్వొత్తి. మెడలో ఒక అట్ట, దాని మీద చనిపోయిన ఒక సైనికుడి పేరో, నేలమట్టమైన ఒక వియత్నాం పల్లె పేరో. అందరికంటే ముందు నడిచింది 23 ఏళ్ల యువతి. ఆమె మోసింది తన భర్త పేరు. శ్వేతసౌధం ఎదుట ఆగి ఒక్కొక్కరూ తాము మోస్తున్న పేరును గట్టిగా పలికారు. పార్లమెంటు భవనం దగ్గర ఆ అట్టలను శవపేటికల్లో ఉంచారు.

దాడి ఆగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. రక్షణమంత్రి లెయిర్డ్, విదేశాంగ మంత్రి రోజర్స్ దాన్ని వ్యతిరేకించారు. ఆగిందీ శాశ్వతంగా కాదు. 1972 మేలో హైఫాంగ్ రేవులో మైన్లు పరిచారు. అయినా జనం మాట చెల్లలేదనడం అబద్ధం. బయటికి లెక్కచేయనట్టు కనిపించినా, ఆ నిరసనలు తన గడువుకు విలువ లేకుండా చేసి ఉంటాయని నిక్సనే 1978లో వెలువడిన తన ఆత్మకథలో ఒప్పుకున్నారు.

కూడలిలో ఓ పదిమంది యుద్ధం వద్దంటూ అట్టలు పట్టుకుని నిలబడితే, వీళ్లవల్ల ఏమవుతుందని దాటిపోకండి. కాసేపు వాళ్ల పక్కన నిలబడండి.