మార్కులు వేసేదెవరు?

విశ్వవిద్యాలయం అనగానే మనకి గుర్తొచ్చేవి పిల్లల మార్కుల జాబితా, హాస్టలు ఫీజు, నల్లగౌను తొడుక్కుని దిగిన ఫొటో. గోడకి అవతలున్న ఊరికి అది ఏం చేస్తుందీ అంటే, "ఏం చేస్తుంది, బస్సుల్లో రద్దీ పెంచుతుంది" అనేవాళ్ళే ఎక్కువ. కానీ ఒక విశ్వవిద్యాలయం రోజూ రెండుపూటలా మన వంటింట్లోకి వస్తూనే ఉంది. బియ్యండబ్బా మూత తీసి చూడండి!

కర్నూలు సోనా అనండి, సాంబ మసూరి అనండి, దాని అసలు పేరు బి.పి.టి. 5204. బి.పి.టి. అంటే బాపట్ల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1964లో ఏర్పడి, ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ వంగడాన్ని 1986లో బాపట్ల నుంచి విడుదల చేసింది. దీని వంశం వింటే ముచ్చటేస్తుంది. కోయంబత్తూరు రకానికీ తైవాన్ పొట్టి రకానికీ పెళ్ళి చేసి, పుట్టినదానికి మలేషియా మసూరితో ముడిపెట్టారు. మూడు దేశాల వియ్యం, బాపట్లలో కాపురం!

ఇది విశ్వవిద్యాలయం మనకి చేసిన "సేవ" అని ఒక దండ వేసి ఊరుకోవచ్చు. నాకు ఆ మాట దగ్గరే పేచీ. సేవ అన్నాక చేసేవాళ్ళు పైమెట్టు మీద ఉంటారు, పుచ్చుకునేవాళ్ళు కిందమెట్టు మీద. పిలిచి భోజనం పెడుతుంటే పులుసులో ఉప్పు తక్కువైందని అనగలమా? పుచ్చుకునేవాడికి నోరుండదు.

ఈ బియ్యం సంగతి అలా కాదు. కొత్త వంగడాన్ని పరిశోధన స్థానంలో పండగానే అందరికీ ఇచ్చెయ్యరు. కొద్దికొద్ది విత్తనం చిరుసంచుల్లో పోసి కొందరు రైతులకిస్తారు. వాళ్ళు తమ మట్టిలో, తమ నీళ్ళతో, వాడుక రకం పక్కనే వేసి పోల్చి చూస్తారు. అక్కడ తేలిపోతే ఎన్ని డిగ్రీలున్నా దాన్ని నిలబెట్టలేవు. అంటే ప్రొఫెసరుగారికి పరీక్ష పెట్టేది రైతన్నమాట!

ఆపైన పరీక్ష మనది. సాంబ మసూరికి లోపాలు లేకపోలేదు. సుమారు 150 రోజుల పంట. అగ్గితెగులుకి లొంగుతుంది, ఎండాకు తెగులుకీ లొంగుతుంది. అయినా రైతు దీన్ని వదల్లేదు, మనం వదల్లేదు కనక. సన్నటి గింజ, అంటుకోని అన్నం, తెల్లారి చద్దన్నంగా తిన్నా బావుండే రుచి. మనం కొట్టువాణ్ణి అడిగాం, అతను మిల్లువాణ్ణి అడిగాడు, అతను రైతునడిగాడు. చివరికి శాస్త్రజ్ఞులు రకం మార్చుకోమని చెప్పి చేతులు దులుపుకోకుండా, ఆ రకానికే బలం పొయ్యడానికి పూనుకున్నారు. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థా, సి.సి.ఎం.బి.వారూ కలిసి, గింజ తీరు చెడకుండా ఎండాకు తెగులుని తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని 2008లో తెచ్చారు.

నాకు తోచేదేమిటంటే, "నువ్వు చెప్పింది విని నా పని మార్చుకుంటాను" అనగలిగితేనే అది భాగస్వామ్యం. లేకపోతే ఎన్ని సదస్సులు పెట్టినా ఉపన్యాసమే.

అలాగని ఊరు చెప్పిందల్లా వినాలంటే ఇక చదువెందుకూ? అదీ నిజమే. అన్నం మల్లెపువ్వులా ఉండాలని మనం పాలిషు మీద పాలిషు పట్టించుకుంటాం. తవుడుతోపాటు బి విటమిన్లూ పోతున్నాయమ్మా అని వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పాలి. మనకి నచ్చకపోయినా చెప్పాలి. వినడం ఎంత మర్యాదో, కాదనడమూ అంతే మర్యాద.

అయితే నన్ను కలతపెట్టే ప్రశ్న ఇంకొకటుంది. వినడం సరే, ఎవరి మాట? వండే మనకి బజారు ఉంది. నచ్చకపోతే కొనం, అదే మనం వేసే మార్కు. పొలం ఉన్నాయనకి సదస్సులో కుర్చీ ఉంది. మరి మోకాలిలోతు బురదలో నడుం వంచి నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఎవరు? ఏ మొక్క పీకితే తేలిగ్గా వస్తుందో, ఏ నారు నాటితే ఊరికే ఒరుగుతుందో ఆ మనిషి చేతికి తెలుసు. సదస్సు రోజున ఆమె పనిలోనే ఉంటుంది. వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆమె చెప్పాల్సింది ఏ పుస్తకంలో ఎక్కాలి?

అందరి పన్నులతో నడిచే చదువుకి ఆమె బాకీ కూడా ఉందని నేననుకుంటాను. ఆ బాకీ తీరాలంటే ఆమె వచ్చేదాకా ఎదురుచూడక, సాయంత్రం ఆమె ఇల్లు చేరాక అరుగు మీద కూర్చుని అడగాలి.

మీకు దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే ఒకసారి వెళ్ళి రండి. పెరటి మొక్కల గురించో, పచ్చళ్ళ నిలవ గురించో అడగండి. వినడం అయ్యాక, మీరూ ఒక మాట అడిగి రండి: "నాట్లు వేసేవాళ్ళని ఈమధ్య ఏమడిగారండీ?"