పచ్చికుండ, పాత టైరు: పాకజవాదంపై ఒక విచారణ

వేడి తగిలి మారిన వస్తువు మునుపటి వస్తువేనా, లేక దాని స్థానంలో కొత్తగా పుట్టిన మరొక వస్తువా అన్న ప్రశ్న న్యాయ వైశేషిక దర్శనాలలో పాకజవాదం పేరుతో శతాబ్దాలపాటు నలిగింది. తేజస్సుతో, అంటే అగ్నితో, సంయోగం కలిగినప్పుడు పార్థివ ద్రవ్యంలోని రూపం, రసం, గంధం, స్పర్శ అనే నాలుగు గుణాలు మారిపోవడాన్ని శాస్త్రకారులు పాకమన్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ విషయాన్ని సూత్రప్రాయంగా చెప్పి, దానికి తానే రాసుకున్న దీపికలో వాదాన్ని విప్పి చూపాడు. శాస్త్రకారులు ఉదాహరణగా తీసుకున్నది కుమ్మరి ఆవంలో కాలిన కుండ. వేదశాస్త్రాధ్యయనానికి పేరుపడ్డ కోనసీమలో ఈనాడు అదే ప్రశ్న అడగదలచినవారికి అంతకన్నా కఠినమైన ఉదాహరణ రహదారి పక్కనే దొరుకుతుంది. అంబాజీపేట కొబ్బరిని, రావులపాలెం అరటిని దూర ప్రాంతాలకు మోసి గుండు అయిపోయిన లారీ టైరుకు కొత్త ట్రెడ్ వేసి, మళ్లీ వేడిలో పెట్టి తీసే పనినే రీట్రేడింగ్ అంటారు. డ్రైవర్ల మాటలో అది రీబటన్.

కుండ విషయంలో రెండు పక్షాలున్నాయి. వైశేషికులది పీలుపాకవాదం. పీలువు అంటే పరమాణువు. అగ్ని తాకగానే పరమాణువులు కదిలి, విడిపోయి, పచ్చికుండ అక్కడికక్కడ నశిస్తుందనీ, విడివడిన పరమాణువులలో నలుపు పోయి ఎరుపు పుడుతుందనీ, అదృష్టవశాన, అంటే జీవుల పూర్వకర్మ బలంతో, అవి మళ్లీ కూడి కొత్త కుండగా ఏర్పడతాయనీ వారి సిద్ధాంతం. ఈ నాశమూ పునరుత్పత్తీ ఎన్ని క్షణాలలో ముగుస్తాయో కూడా వారు లెక్క కట్టారు. నైయాయికులది పిఠరపాకవాదం. పిఠరమంటే కుండ. కుండకు సూక్ష్మ రంధ్రాలుంటాయనీ, వాటిగుండా తేజస్సు లోపలికి చొచ్చుకుపోయి మొత్తం కుండనే పండిస్తుందనీ, కుండ విడిపోవలసిన అగత్యమే లేదనీ వారంటారు. కుండ నిజంగా నశిస్తే దాని మీద పేర్చిన కుండలు కూలిపోవాలి కదా అన్నది వారి ఆక్షేపణ. ఆవంలో పెట్టిన కుండే ఇది అని కుమ్మరి గుర్తుపట్టడాన్ని, అంటే ప్రత్యభిజ్ఞను, వారు ప్రమాణంగా చూపుతారు.

రబ్బరు విషయంలో ఈ వాదానికి రసాయనశాస్త్రం కొంత వెలుగు చూపుతుంది. చెట్టు పాల నుంచి వచ్చిన పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ అప్పులలో మునిగి, చెరసాల పాలై కూడా పట్టు వదలక, గంధకం కలిపిన రబ్బరు పొయ్యి వేడికి కరగకుండా గట్టిపడుతుందని 1839లో గమనించాడు. 1844లో పేటెంటు పొందాడు. 1860లో అప్పులతోనే మరణించాడు. దైవభక్తుడైన ఆయన తన పరిశోధనను ఈశ్వరుడు అప్పగించిన పనిగా భావించాడు. ఆనాడు పొయ్యి మీద జరిగిన మార్పు ఇది: రబ్బరు అణువులు అతి పొడవైన గొలుసులు, పచ్చిదశలో అవి ఒకదానిపై ఒకటి జారిపోతుంటాయి, వేడిలో గంధకం ఆ గొలుసుల మధ్య అడ్డవంతెనలు కడుతుంది. నూటికి రెండు మూడు పాళ్ల గంధకం సాగే గుణాన్ని నిలుపుతుంది, ముప్పై పాళ్లయితే రబ్బరు ఎబొనైటు అనే రాయిలాంటి పదార్థమవుతుంది.

తిరుపతి జిల్లా చినపాండూరులోని అపోలో కర్మాగారంలోనైనా, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని యొకోహామా కర్మాగారంలోనైనా టైరు పుట్టుక ఈ పాకం మీదనే ఆధారపడి ఉంటుంది. బీడు తీగ, దారపు పొరలు, ఉక్కు పట్టీలు, పక్కగోడలు, ట్రెడ్ వేరువేరుగా తయారై, డ్రమ్ము మీద ఒకదానిపై ఒకటి అతుక్కొని పచ్చి టైరవుతాయి. దానిని అచ్చులో బిగించి, లోపలి నుంచి రబ్బరు సంచితో ఒత్తి, నూట యాభై డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడిలో ఉంచుతారు. కారు టైరుకు పది పదిహేను నిమిషాలు చాలు. రబ్బరు వేడిని తేలికగా లోపలికి పోనివ్వదు కనుక దళసరి లారీ టైరుకు చాలా ఎక్కువసేపు పడుతుంది. పాకం చాలకపోతే లోపల గుల్లబారుతుంది. సహజ రబ్బరుకు పాకం ముదిరితే కట్టిన వంతెనలే తెగి మెత్తబడుతుంది.

ఈ క్రియను దగ్గరగా చూసినవారు రెండు పక్షాలకూ కొంత కొంత సత్యాన్ని పంచక తప్పదు. మార్పు జరిగే చోటు అణుస్థాయి అన్న వైశేషికుల పట్టు సరైనది. అయితే మారడానికి ముందు వస్తువు నశించాలన్న వారి షరతు ఇక్కడ నిలవదు. అచ్చులో టైరు ఒక్క క్షణమైనా టైరు కాకుండా పోదు. పైగా పాకం వస్తువును విడదీయడానికి బదులు అంతకుముందు లేని ఏకత్వాన్ని దానికి ఇస్తుంది. అవయవాలకన్నా వేరైన అవయవి, అంటే భాగాల మొత్తానికి మించిన ఒక పూర్ణ వస్తువు, నిజంగా ఉందన్న నైయాయికుల మాటకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం కుండలో కూడా లేదు.

ఆ అవయవినే బౌద్ధులు కాదన్నారు. మిళిందపన్హ అనే బౌద్ధగ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిళిందరాజును రథం గురించి అడుగుతాడు: ఇరుసా రథం, చక్రాలా రథం, నొగా రథం? ఏదీ కాదు, భాగాల కూడికకు పెట్టిన వ్యవహారనామమే రథం, మనిషీ అంతే అని తేలుస్తాడు. ఈ ఆలోచన కోనసీమకు పరాయిది కాదు. రాజోలు ప్రాంతంలో వైనతేయ గోదావరి సమీపాన ఉన్న ఆదుర్రులో 1953లో తవ్వకాలలో బయల్పడిన బౌద్ధస్తూపం చక్రాకారంలోనే కట్టినది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయి, కొత్త రథం 2021 ఫిబ్రవరిలో సిద్ధమైనప్పుడు పాత కలపలో ఒక్క చెక్కయినా లేకపోయినా భక్తులు దానిని స్వామివారి రథంగానే లాగారు. అక్కడ నాగసేనుని మాట చెల్లుతుంది, ఎందుకంటే రథాన్ని రథం చేసేది కలప కాదు, అందులో కొలువుదీరిన దైవం పట్ల జనుల విశ్వాసం. కానీ రథం విప్పి మళ్లీ బిగించదగిన వస్తువన్నది మరువరాదు. పాకం పొందిన టైరును విప్పలేరు, చించగలరు, అంతే. విడదీయడానికి వీలైన దానిని ఉదాహరణగా ఎంచుకొని, విడదీయరాని వాటిపై కూడా తీర్పు చెప్పడం ఆ వాదంలోని లోపం. మనిషి బోల్టులతో బిగించిన రథం లాంటివాడా, పాకం పొందిన వస్తువు లాంటివాడా అన్నదే అసలు విచారించవలసిన విషయం.

మనిషి రెండవ కోవకు చెందినవాడైతే, చేసిన కర్మ అతనిలో వంతెనలు కడుతుంది. పచ్చిదశకు తిరిగిపోయే దారి ఉండదు. అప్పుడు ప్రాయశ్చిత్తానికి అర్థమేమిటి? దీనికి రీట్రేడింగ్ షాపులో జరిగే పని కొంత సమాధానమిస్తుంది. అక్కడ ముందు కేసింగును, అంటే అరగని లోపలి కాయాన్ని, లైటు వెలుగులో వేళ్లతో తడిమి పరీక్షిస్తారు. దారాలు తెగినా, పక్కగోడ పగిలినా వెనక్కి ఇచ్చేస్తారు. పనికొస్తుందనుకుంటే పాత ట్రెడ్డును యంత్రంతో గీకి గరుకు చేస్తారు, రబ్బరు సొల్యూషన్ పూస్తారు, పలుచని పచ్చి రబ్బరు పొర పరుస్తారు, దానిపై ముందే పాకమైన కొత్త ట్రెడ్డు చుట్టి, ఛాంబరులో నూరు డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఒత్తిడి కింద ఉంచుతారు. అతికేది ఆ నడిమి పచ్చి పొర ఒక్కటే. పాత పాకాన్ని ఎవరూ రద్దు చేయలేదు. దానిని గీకి, నొప్పించి, దానితో కొత్తదాన్ని కలిపారు.

పాతదాన్ని రద్దు చేయడానికీ, దానితో కొత్తదాన్ని కలపడానికీ మధ్య ఉన్న ఈ తేడానే యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్త ప్రకరణం సరిగ్గా పట్టించుకుంది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుందనీ, తెలిసి చేసినదానికి ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడు లోకంలో వ్యవహరించడానికి యోగ్యుడు మాత్రమే అవుతాడనీ ఆ స్మృతి వచనం. దీనిని కాఠిన్యంగా భావించేవారున్నారు. నిజానికి ఇందులో కాఠిన్యం కన్నా నిజాయితీ ఎక్కువ. జరిగినది జరగనట్టు నటించమని అది అడగదు, తప్పు చేసినవాడిని బయటికి తోసేయమని కూడా అనదు. రీట్రేడ్ టైరును వెనుక ఇరుసులకు ధైర్యంగా వేసి, స్టీరింగు ఉన్న ముందు చక్రాలకు వేయకుండా జాగ్రత్తపడే లారీ యజమాని పాటించేది కూడా ఈ వివేకమే. కేసింగు బాగుంటేనే కొత్త ట్రెడ్డు నిలుస్తుందన్న షరతు మాత్రం రెండుచోట్లా ఒక్కటే. లోపలి దారాలు తెగినవాడికి పైపై వ్రతాలు ఎన్ని చేయించినా ప్రయోజనం లేదు.

కేసింగు కూడా పాడైపోయిన టైరుకు మిగిలే గతి ఏమిటన్నది ఇక ఆచారానికి సంబంధించిన విషయం. పాకం పొందిన రబ్బరు మళ్లీ కరగదు, మట్టిలో కలవదు. అయినా సంక్రాంతి ముందురోజు తెల్లవారుజామున, పిల్లలు కట్టిన పిడకల దండలు పడవలసిన భోగిమంటలో, మంట పెద్దది కావాలన్న సరదాతో పాత టైర్లు వేయడం చాలా ఊళ్లలో కనిపిస్తోంది. పిడక, తాటాకు, పాత చెక్క నిప్పులో బూడిదై నేలకు చేరతాయి. టైరులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువై, మసితోనూ విషరసాయనాలతోనూ కలిసి మంట చుట్టూ నిలబడ్డ పిల్లల ఊపిరితిత్తులలోకి చేరుతుంది. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం పాడైన టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారులపైనా, దిగుమతిదారులపైనా ఉంచుతూ నియమాలు తెచ్చింది. కనుక అమలాపురమైనా, కొత్తపేటైనా, రాజోలైనా, భోగికి నాలుగు రోజుల ముందే ఇంటి వెనుక పడివున్న టైరును పాత టైర్ల వ్యాపారికి అప్పగించాలి. మంటలో వేయరాదు, వేసేవారిని వారించాలి.