అంగడియును కాయకమే



మన సీమలో చదువు ముగించిన యువకుడు ఉద్యోగము దొరకక, వానను నమ్మి సేద్యము చేయు ధైర్యము చాలక, తుదకు "ఒక అంగడి పెట్టుకొందును" అనుచున్నాడు. కర్నూలు, కడప జిల్లాలలో ఈ మాట ఇంటింట వినవచ్చుచున్నది. తల్లి మెడలోని బంగారమో, తండ్రి చేతిలోని ఎకరమో తాకట్టుపడి ఆ అంగడికి పెట్టుబడి యగుచున్నది. కనుక అంగడి మునిగినచో మునుగునది సరకు మాత్రమే కాదు, ఒక కుటుంబము. అట్టి యువకులకు బసవేశ్వరుని మార్గము ఏమి బోధించుచున్నదో నేడు విచారింతము.

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బిజ్జలుని కొలువులో భాండారిగా నుండెను. ధనమును చూచి పారిపోయిన విరాగి కాడు. ధనమును లెక్కతో నడపిన గృహస్థుడు. శరణులలో తోలుపని చేసిన మాదార చెన్నయ్య, త్రాళ్ళు పేనిన నులియ చందయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య కలరు. సౌరాష్ట్రము నుండి పులిగెరెకు వచ్చిన ఆదయ్య వర్తకుడే. కనుక వ్యాపారము శివునికి దూరమైన పని యని ఎవ్వరును తలపరాదు.

అయితే లాభమునకై చేయు ప్రతి పనియు కాయకము కాదు. చేయి శుద్ధముగా నుండవలెను. వచ్చిన ఫలములో సంఘమునకు భాగముండవలెను. అంగడి విషయమున ఈ శుద్ధిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. నోటుకట్టతో వచ్చినవానికి ఎటులైనను మర్యాద జరుగును. పది రూపాయల నాణెముతో వచ్చిన ముసలమ్మకు అదే తూకము, అదే ధర, అదే మాట దక్కుచున్నవా? దక్కినచో ఆ అంగడి కాయకము. లేనిచో గోడపై బసవేశ్వరుని పటమున్నను అది కాయకము కాదు.

ఈ విషయమును లెక్కలో పెట్టి చూతము. కిలో కందిపప్పు నూటయరువది రూపాయలనుకొందము. కిలో కొనగలవాడు నూటయరువదియే ఇచ్చును. కూలికి పోవు తల్లి యేబది గ్రాములు అడుగును. దాని న్యాయమైన వెల ఎనిమిది రూపాయలు. అంగడివాడు చిల్లర లేదని పది పుచ్చుకొనును. ఆ తల్లి కిలోకు రెండువందలు ఇచ్చినట్లైనది. అనగా లేనివాడు ఉన్నవానికంటె నలువది రూపాయలు ఎక్కువ చెల్లించుచున్నాడు! ఈ అన్యాయము ఎవ్వరి కంటికిని ఆనదు, ఏలయన అది రెండేసి రూపాయలుగా జరుగును. పొట్లపు సరకుల నియమములకు 2021లో చేసిన సవరణలో గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంత పడునో తెలుపు ధరను కూడ అచ్చువేయవలెనను విధి చేరినది. పొట్లముపైనుండు ధర గరిష్ఠ ధర. అంతకుమించి పుచ్చుకొనుట నేరము. చట్టము చెప్పకమునుపే ఈ న్యాయమును పాటింపవలసినవాడు శరణుడు. గల్లాపెట్టెలో నాణెములు నిండుగా నుంచుకొనుట అతనికి పూజలో ఒక భాగము కావలెను.

"ఇట్లు చేసిన నాకు మిగులునదేమి?" అని యువకుడు అడుగును. అడుగదగిన ప్రశ్నయే. లక్ష రూపాయల సరకుపై నూటికి పండ్రెండు లాభము వేసి, ఏడాదికి మూడుమార్లు మాత్రమే సరకు అమ్ముడుపోయినచో వచ్చునది ముప్పదియారు వేలు. నూటికి అయిదే వేసి, నెలకొకమారు సరకు తిరిగినచో వచ్చునది అరువది వేలు. అంగడికి బలము ధరలో లేదు, తిరుగుడులో నున్నది. తిరుగుడు నమ్మకమువలన వచ్చును. ఆ నమ్మకమును ఊరిలో పుట్టించునది చిన్న బేరములు చేయు పెద్ద సంఖ్యలోని జనమే.

కనుక అంగడి తెరువకమునుపు ఒక నెల ఆ వీధిలో నిలిచి చూడుడు. ఎవరు పోవుచున్నారు? ఏ వస్తువునకై పొరుగూరు పోవుచున్నారు? ఎవరు అంగడి మెట్టు ఎక్కుటకు వెనుదీయుచున్నారు? కర్నూలు, కడప పట్టణములలో ఉర్దూ మాటలాడువారు పెక్కురు. ఆదోని వైపు కన్నడము మాటలాడువారు కలరు. వారి భాషలో పది మాటలు నేర్చినవానికి, ధరల పలకను ఆ లిపిలో కూడ వ్రాయించినవానికి వేరుగా ప్రకటన అక్కరలేదు. చదువురానివారికి ధరను నోట చెప్పి, తూకమును వారివైపు త్రిప్పి చూపుడు. కాలు నడువనివానికై మెట్టు ప్రక్కన వాలుబాట కట్టింపుడు. ఫోనులో డబ్బు పంపువారు ఎందరున్నను, నాణెము పట్టుకొని వచ్చువారిని చిన్నచూపు చూడకుడు.

ఇంకొక మాట. మన పల్లెలలో కొందరిని వాకిట నిలువబెట్టి, సరకును దూరము నుండి అందించిన దినములు కలవు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునైదవ అధికరణములో అంగళ్ళను పేరుపెట్టి పేర్కొని, కులమతములను బట్టి ఎవ్వరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించెను. మాదార చెన్నయ్యను తలకెత్తుకొన్న మార్గమువారమగు మనకు ఇది కొత్త పాఠమా? చిల్లరను చేతిలో పెట్టక బల్లపై విసరినచో ఆ పాఠమును మరచినట్లే.

అరువు విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. కోసిగి, ఆదోని, మంత్రాలయము ప్రాంతముల బీదలు సుగ్గికి పోవుదురు. గుంటూరు వైపు మిరపకోతకు, పత్తితీతకు కుటుంబములే కదలును. ఇంట మిగులువారు ముసలివారు, పిల్లలు. వారికి అరువు నిరాకరించిన పస్తు; హద్దులేక ఇచ్చిన అంగడికి చేటు. కనుక ఇంటింటికి ఒక హద్దు పెట్టుడు. లెక్కను మీ పుస్తకములోను, వారి పుస్తకములోను ఒకేమారు వ్రాయుడు. అరువునకు ఒక ధర, రొక్కమునకు ఒక ధర పెట్టకుడు. సుగ్గి నుండి తిరిగివచ్చినవాడు తన పుస్తకము చూచి తానే లెక్క తేల్చుకొనగలుగవలెను.

దాసోహమును, అరువును కలపకుడు. దాసోహము లాభములోనుండి చేయదగినది. అసలులోనుండి చేసినచో రెండవ సంవత్సరము చేయుటకు అంగడియే యుండదు. ఇచ్చునది ఇచ్చినట్లు, అమ్మునది అమ్మినట్లు లెక్కలో వేరువేరుగా వ్రాయుడు.

తుంగభద్రకు ఆవలి రాయచూరు సీమవాడైన ఆయ్దక్కి మారయ్య కథ మీరెరుగుదురు. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరితెచ్చుట అతని కాయకము. ఒకనాడు వాడుకకంటె అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి పోసిరమ్మని పంపెను. కొత్త అంగడివారు ఈ కథను గల్లాపెట్టె దగ్గర తలచుకొనవలెను. సాయంకాలము పెట్టెలో కనబడు సొమ్మంతయు మీది కాదు. అందులో సరకు తెచ్చినవానిది కొంత, అద్దెది కొంత, అప్పుది కొంత. మీకు నెలకింత కూలి యని నిర్ణయించుకొని అంతమాత్రమే తీసికొనుడు. పెట్టెలోని డబ్బుతో పెండ్లిండ్లు చేసి మూతబడిన అంగళ్ళు తక్కువ కావు. రోజువారీ వడ్డీవాని జోలికి పోకుడు. 2015లో ఆరంభమైన ముద్ర పథకమున చిన్న వ్యాపారులకు తాకట్టులేని బ్యాంకు రుణము కలదు.

పెద్ద అంగళ్ళు వచ్చినవని భయపడువారికి ఎమ్మిగనూరు ఉదాహరణము. ఒంటరి నేతగాడు నూలు కొనుటలోను, బట్ట అమ్ముటలోను ఇతరుల దయకు లోబడును. మాచాని సోమప్పగారు 1938లో ఆ నేతగాండ్రను సహకార సంఘముగా చేర్చిరి. 1954లో వారికి పద్మశ్రీ లభించెను. చిల్లర అంగడివాడును టోకు వర్తకుని యెదుట ఏబది గ్రాముల తల్లివంటివాడే. కొద్దిగా కొనును గనుక ఎక్కువ ఇచ్చును. వీధిలోని అయిదారుగురు కలిసి ఒక్కటిగా సరకు తెప్పించుకొన్నచో ఆ భారము తగ్గును. పోటీ యున్నను పొత్తు కుదురును.

యువకులారా, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి పూజించు వీరశైవుడు అదే అరచేత తక్కెడను పట్టుకొనుచున్నాడు. అమ్మునప్పుడును ఆ చేయి వణకకుండుగాక. దినము ముగియగానే లెక్క చూచునప్పుడు ఎంత వచ్చెనని మొదట అడుగకుడు. అన్నిటికంటె చిన్న బేరము చేసినవారు ఎవరు, వారు ఏ ముఖముతో మెట్టు దిగిరి అని అడుగుడు. తరువాత ఎంత వచ్చెనో ఎంచుకొనుడు.