నచ్చని మాట వినే న్యాయం

వడ్డీ హరామ్ అంటే వెనుకబాటుతనం అంటారు. మద్యం మానమంటే మా జీవితాల్లో మీ జోక్యమేమిటని అడుగుతారు. పరలోకం మాట ఎత్తితే నవ్వుతారు. ఇలాంటి వాతావరణంలో ఒక విశ్వాసి తన ధర్మం గురించి నలుగురిలో మాట్లాడాలా, లేక మౌనంగా తన నమాజు తాను చేసుకోవాలా?

దీనికి సమాధానం ఇస్లాం తొలి రోజుల్లోనే ఉంది. మక్కాలో హింసలు భరించలేక కొందరు ముస్లిములు దైవప్రవక్త (సఅసం) అనుమతితో హబషాకు వలస వెళ్ళారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వీరిని తమకు అప్పగించమంటూ ఖురైషులు కానుకలతో ఇద్దరు దూతలను పంపారు. మొదటి రోజు హజ్రత్ జాఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి) పఠించిన మర్యమ్ సూరా విని రాజు కంటతడి పెట్టాడు. మరునాడు దూతలు కొత్త చిచ్చు పెట్టారు. ఈసా (అలైహి) గురించి వీరేమంటారో అడగమన్నారు.

ఆశ్రయమిచ్చిన రాజుకే నచ్చని మాట చెప్పవలసి వచ్చింది. చెబితే ఆశ్రయం పోవచ్చు. అయినా ముస్లిములు ఉన్నదే చెబుదామని నిశ్చయించుకున్నారు. ఈసా అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త, కన్య మర్యమ్ కుమారుడు అని హజ్రత్ జాఫర్ (రజి) స్పష్టంగా చెప్పారు. దేన్నీ దాచలేదు, ఎవరినీ కించపరచలేదు. ఆస్థాన పెద్దలు గుర్రుమన్నా నజాషీ వారికి అభయమిచ్చి, కానుకలు తిప్పి పంపాడు.

ఈ సంఘటనలో మనం హజ్రత్ జాఫర్ (రజి) ధైర్యాన్ని చెప్పుకుంటాం, నజాషీ న్యాయాన్ని మరచిపోతాం. కాని మనం ఎల్లప్పుడూ చెప్పే స్థానంలోనే ఉండం. వినే స్థానంలోనూ ఉంటాం.

1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం వేళ వారు గౌరవంగా నిలబడేవారే గాని, తమ విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. ఒక విశ్వాసం మనకు సబబుగా తోస్తుందా అన్నది కాదు, వారు దాన్ని చిత్తశుద్ధితో నమ్ముతున్నారా అన్నదే చూడాలని ఆ తీర్పు సారాంశం. ఆ పిల్లల విశ్వాసం మనది కాదు. అయినా 2022 అక్టోబరులో, హిజాబ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చినప్పుడు, విద్యార్థినుల పక్షాన రాసిన జస్టిస్ సుధాంశు ధూలియా ఆ తీర్పునే ఆధారంగా చూపారు. ఇతరుల హక్కు కాపాడితే అది మనకూ గొడుగవుతుంది.

ఇక మన ఇంటి సంగతి. అడిగి తీసుకునే కట్నం అధర్మమని జుమా ప్రసంగంలో ఖతీబు చెబితే, కట్నం తీసుకున్న పెద్దలే ఆయన నోరు మూయించడం లేదా? బయటివారిని స్వేచ్ఛ అడిగే మనం మన మస్జిదులో ఎంత ఇస్తున్నాం?

ఫిర్ఔన్ వద్దకు వెళ్ళే మూసా (అలైహి)కు సైతం అల్లాహ్ మృదువుగా మాట్లాడమనే ఆజ్ఞాపించాడు. ఇతరుల ఆరాధ్యులను దూషించవద్దని మనల్ని వారించాడు. సత్యాన్ని సౌమ్యంగా చెప్పే ధైర్యాన్ని, నచ్చని మాటను న్యాయంగా వినే ఓర్పును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.