తీర్పు చెప్పని సినిమానా?

హిరొకాజు కొరెయెడా 2004లో తీసిన ‘నోబడీ నోస్’ గురించి రివ్యూలు చదువుతుంటే ఒక మెచ్చుకోలు పదేపదే తగుల్తుంది: ఈ సినిమా ఎవరి మీదా తీర్పు చెప్పదని. నాకు ఆ మాటతోనే పేచీ.

టోక్యోలో ఒక తల్లి, వేర్వేరు తండ్రులకి పుట్టిన నలుగురు పిల్లలు. ఇంటి ఓనర్‌కి తెలిసింది పెద్దవాడు అకిరా ఒక్కడే. చిన్నవాళ్ళిద్దరూ సూట్‌కేసుల్లో వస్తారు, ఇంకో పిల్ల ఎవరి కంటా పడకుండా వస్తుంది. కొంత డబ్బు పెట్టి తల్లి వెళ్ళిపోతుంది. నేను సుఖపడకూడదా అని అకిరానే అడుగుతుంది కూడా. పన్నెండేళ్ళవాడు లెక్కలు రాసుకుంటూ ఇల్లు నడుపుతాడు. కరెంటు పోతుంది, నీళ్ళు పోతాయి. చివరికి అందరికన్నా చిన్నది, యూకీ, స్టూలు మీంచి పడి చనిపోతుంది. అకిరాగా వేసిన యూయా యాగిరాకి 14 ఏళ్ళకే కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

దీనికి ఆధారం 1988లో టోక్యోలోని సుగామోలో బయటపడ్డ ఉదంతం. అక్కడ పాప పడి చనిపోలేదు. పెద్దపిల్లాడి స్నేహితుల చేతుల్లో దెబ్బలు తిని చనిపోయింది.

కొరెయెడా స్నేహితుల్ని ఉంచి, దెబ్బల్ని తీసేశాడు. సినిమాలో వాళ్ళు ఇంటికొచ్చి వీడియో గేములాడతారు, మెల్లిగా రావడం మానేస్తారు, అంతే. దెబ్బలు ఉంచి ఉంటే? మన కోపమంతా ఆ కుర్రాళ్ళ మీదికి పోయేది, అకిరా మీద జాలిలో సగం ఆవిరయ్యేది. ఇప్పుడు ఆ కోపానికి పిల్లల్లో ఎవరూ దొరకరు. తల్లి వైపు, చెయ్యి దులుపుకున్న తండ్రుల వైపు, అద్దె అడగడానికొచ్చి ఇంటి వాలకం చూసి వెళ్ళిపోయిన ఆవిడ వైపు మళ్ళుతుంది. ఎవరిని దోషిగా చూడకూడదో స్క్రిప్టు దగ్గరే తేలిపోయిందన్నమాట. తీర్పంటే ఇంకేమిటి?

ఆ తీర్పు సరైందనే అనుకుంటాను. పిల్లల్ని అలా వదిలేసిన ఇంట్లో ఏం జరిగినా దాని మూలం పెద్దవాళ్ళ దగ్గరే ఉంటుంది. కానీ దాని ఖరీదు కట్టింది ఎవరు? నిజంగా దెబ్బలు తిన్న పాప. మన కరుణ చెదరకుండా ఉండటానికి ఆమె చావు ప్రమాదంగా మారింది. ఆ సంగతి దాటేసి, తటస్థంగా ఉన్నాడని దర్శకుణ్ణి మెచ్చుకోవడం నాకు మింగుడుపడదు.

సినిమా బలం నాకు కనబడేది వేరే చోట. కన్వీనియన్స్ స్టోర్‌లో పనిచేసే అమ్మాయి పోలీసులకో, పిల్లల సంక్షేమ శాఖకో చెప్పమంటుంది. చెబితే నలుగురం కలిసి ఉండలేమంటాడు అకిరా. అదే స్టోర్ కుర్రాడు మిగిలిపోయిన ఓనిగిరి ఇస్తుంటాడు. మంచివాడే. తెలిసినవాడే. వాడూ ఎవరికీ చెప్పడు.