పాత కోరిక, కొత్త కెమెరా



పిల్లల చదువు కోసం అప్పు చేసిన తండ్రిని మనం మెచ్చుకుంటాం. కూతురి పెండ్లి కోసం తన గాజులు అమ్మిన తల్లిని మెచ్చుకుంటాం. ఆ తండ్రే, ఆ తల్లే, బాధ్యతలన్నీ తీరిన తరువాత తమ కోసం ఒక వస్తువు కొనుక్కుంటే మాత్రం మన ముఖం మారిపోతుంది. "ఈ వయసులో ఇదేం పిచ్చి?" అంటాం. ఇతరుల కోసం చేసేదంతా మంచి, తన కోసం చేసుకునేదంతా స్వార్థం అనే లెక్క మన ఇళ్లలో ఎవరూ రాసిపెట్టకపోయినా అమలులో ఉంది. ఈ లెక్క సరైనదేనా? ఈ వారం మనం కలసి ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

మలక్‌పేటలో ఉద్యోగ విరమణ చేసిన ఒక టీచరమ్మ ఈ ప్రశ్నను నా ముందు పెట్టారు. "మా బడిలో గ్రూప్ ఫొటో తీయడానికి వచ్చినాయన నల్లగుడ్డలో తల దూర్చేవాడు ఫాదర్. లోపల ఆయనకు ఏం కనబడుతుందోనని ఏడో తరగతి నుంచి నా ధ్యాస. గ్రాట్యుటీ డబ్బులో కొంత తీసి మంచి కెమెరా కొనుక్కుందామనుకుంటున్నాను. మావాడేమో ఫోనుందిగా అమ్మా అంటున్నాడు. మీరు చెప్పండి, ఇది ఆశా, దురాశా?"

చాలా కాలంగా ఉన్న కోరిక గనుక అది మంచిదే అయి ఉంటుందని కొందరు వాదిస్తారు. ఈ వాదం నిలవదు. దాయాదుల మీద పగ కూడా ముప్పయి ఏండ్లు నిలుస్తుంది. కనుక కోరిక వయసును కాక, కోరిక దేనిని కోరుతున్నదో చూడాలి. కెమెరా కావాలనుకోవడం వేరు, ఫొటోలు తీయాలనుకోవడం వేరు. మొదటిది వస్తువు మీద కోరిక. వస్తువు చేతికి రాగానే అది చల్లారుతుంది, లేదా పక్కింటివారి చేతిలో ఇంకా పెద్దది కనబడగానే మళ్లీ రగులుతుంది. రెండవది పని మీద కోరిక. అది నేర్చుకోవడానికి, తప్పులు చేయడానికి, తెల్లవారుజామున లేవడానికి సిద్ధపడుతుంది. మీ కోరిక ఏ జాతిదో తెలుసుకోవడం కష్టం కాదు. ఇంట్లో ఉన్న ఫోనుతోనే ఆరు నెలలు ప్రతి దినం ఒక్క ఫొటో శ్రద్ధగా తీయండి. అప్పటికీ ఆకలి తీరకపోతే అది వస్తువు మీది ఆకలి కాదు.

"బాగానే ఉంది ఫాదర్, కాని ఆ డబ్బుతో ఒక పేదపిల్ల ఫీజు కట్టవచ్చు కదా?" అని మీరడగవచ్చు. ఇది తేలికగా తోసివేయదగిన మాట కాదు. పునీత తోమస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో తన మహాగ్రంథం 'సుమ్మా థియొలోజికా'లో ఆటపాటల గురించి విచారిస్తూ, సభాపితరుల నాటి ఒక కథను గుర్తు చేశాడు. పునీత యోహాను శిష్యులతో ఉల్లాసంగా ఉండడం చూసి ఒకడు నొచ్చుకున్నాడు. యోహాను అతని చేత విల్లు ఎక్కుపెట్టించి బాణాలు వేయించాడు. విరామం లేకుండా ఇలాగే వేయగలవా అని అడిగాడు. అలా చేస్తే విల్లు విరిగిపోతుందని అతడే ఒప్పుకున్నాడు. మనసు కూడా అంతేనని యోహాను జవాబు. వినోదంలో మితిమీరడం దోషమే గాని, వినోదమే ఎరుగకుండా ఎదుటివారికి భారంగా ఉండడం కూడా దోషమేనని అక్వినాస్ నిర్ణయించాడు.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ కథ నాకు నచ్చింది గాని, ఒక సందేహం మిగిలింది. విల్లును సడలించేది మళ్లీ ఎక్కుపెట్టడానికే అయితే, విశ్రాంతి పనికి నౌకరు అవుతుంది. అరిస్టాటిల్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మనం తీరిక కోసమే పనిచేస్తున్నామని ఆయన మతం. ఆయన చెప్పిన తీరిక సోమరితనం కాదు. మరొక లాభాన్ని ఆశించకుండా, దాని కోసమే చేయదగిన పనులకు దొరికే కాలం. ఫొటో తీసే అభిరుచి ఆ కోవలోకి రాగలదు. అమెచ్యూర్ అనే మాటకు మూలం లాటిన్‌లో 'ప్రేమించేవాడు' అని అర్థమిచ్చే పదం. మన వాడుకలో అది 'పని సరిగా రానివాడు' అయిపోయింది.

అయితే ముందు తీర్చవలసిన బాకీలు ముందు తీర్చాలి. కూలీకి ఇవ్వవలసిన జీతం, ఇంటి అద్దె, ముసలివారి మందులు, పేదవారికి మనం ఇవ్వవలసిన భాగం, ఇవన్నీ కెమెరా కంటే ముందు వస్తాయి. ఇవి తీర్చినవాడు మిగిలిన దానితో తన ప్రేమకు కొంత ఖర్చు పెడితే పేదవాని ముద్ద లాక్కున్నట్టు కాదు.

ఇందుకు మన నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. బేగం సమ్రూ కట్టించిన మరియమాత దేవాలయం వల్ల కథోలికులకు పరిచయమైన ఊరే అది. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందోరులో ప్రభుత్వ పనుల శాఖలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. వెంటనే ఉద్యోగం మానలేదు. పదేళ్లకు పైగా ఒక చేతిలో శాఖ పని, మరొక చేతిలో కెమెరా. ఆ తరువాతే ఉద్యోగం వదిలి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. మన మలక్‌పేటకు గుర్రప్పందేల మైదానం మౌలాలీ నుంచి తరలివచ్చింది కూడా ఆ రోజుల్లోనే, 1886లో. 1905లో ఆయన కన్నుమూశాడు. 2006లో మన తపాలా శాఖ ఆయన పేర ఒక బిళ్ల విడుదల చేసింది. బిరుదుల కంటే ఆ పదేళ్లను గమనించండి. ఆయన అభిరుచి ఇంటి పొయ్యి మీద పడలేదు.

కలను గట్టిగా పట్టుకోవాలి, కాని పిడికిలి బిగించి కాదు. ఐర్లండుకు చెందిన యేసుసభ సభ్యుడు ఫ్రాన్సిస్ బ్రౌన్‌కు ఫొటోలంటే ప్రాణం. 1912 ఏప్రిల్‌లో ఆయన టైటానిక్ ఓడలో కొద్ది దూరం ప్రయాణించి ఎన్నో ఫొటోలు తీశాడు. ఓడలో పరిచయమైన ధనిక దంపతులు న్యూయార్కు దాకా టికెట్టు కొనిస్తామన్నారు. ఫొటోలు తీసేవానికి అంతకంటే ఏం కావాలి? పైఅధికారికి తంతి కొట్టి అనుమతి అడిగాడు. దిగిపొమ్మని జవాబు వచ్చింది. దిగిపోయాడు. ఓడ ఏప్రిల్ 15న మునిగింది. పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. విధేయత వలన ప్రాణం దక్కిందని నేను చెప్పబోవడం లేదు. మునిగిపోయినవారు అవిధేయులేమీ కారు. ఓడ మునుగుతుందని ఎవరికీ తెలియని ఆ దినాన, ఇష్టమైనదాన్ని పక్కన పెట్టగలగడమే ఇక్కడ విషయం. పక్కన పెట్టగలిగినవాడు దాన్ని పోగొట్టుకోలేదు కూడా. 1960లో ఆయన చనిపోగా, 1985లో ఒక ట్రంకుపెట్టెలో సుమారు 42,000 నెగెటివ్‌లు బయటపడ్డాయి.

ఇక ఎదుటివారి సంగతి. మనం 'ఫొటో తీయడం' అంటాం. తీయడమంటే ఒకరి దగ్గర నుంచి ఏదో తీసుకోవడమే. గంజ్‌లో ఉల్లిగడ్డ బస్తా మోసే హమాలీ ముఖం మీది చెమట మనకు అందంగా కనబడవచ్చు. అది ఆయన చెమట. అడగకుండా తీసి, పదిమందికి చూపి మెప్పు పొందితే ఆయనకు మిగిలిందేమిటి? దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో నడిపించాడు. అక్కడ ఫొటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. ఎదుటి మనిషి గౌరవానికి గోడ కట్టి, ఆ తరువాతే కెమెరా నిలబెట్టిన పద్ధతి అది. ఆ కాలపు పరదా సంగతి ఎలా ఉన్నా ఈ మర్యాద మనకు పనికివస్తుంది. అడిగి తీయండి. వద్దంటే నమస్కారం పెట్టి కదలండి. తీసిన తరువాత ఒక ప్రతి ఇచ్చి రండి. ఇచ్చేవాడు తీసుకుంటే దోపిడీ కాదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. మన ఇళ్లలో మగవాని కోరికకు 'హాబీ' అని పేరు, ఆడవారి కోరికకు 'పిచ్చి' అని పేరు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరన్ ఆరుగురు పిల్లల తల్లి. 1863లో, 48 ఏండ్ల వయసులో, కూతురూ అల్లుడూ ఆమెకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆమె బొగ్గుల కొట్టును చీకటి గది చేసుకున్నది, కోళ్ల గూటిని స్టూడియో చేసుకున్నది. ఆమె తీసిన ముఖచిత్రాలను నేటికీ ప్రపంచం చూస్తున్నది. తల్లికి ఏం కావాలో ఆ పిల్లలు ఊహించగలిగారు. ఆ ఊహ మన పిల్లలకు ఎందుకు రాదు? తల్లికంటూ ఒక కోరిక ఉంటుందని మనం వారికి ఎప్పుడూ చెప్పలేదు గనుక.

కనుక టీచరమ్మకు నా సమాధానం ఇది. మీ బాకీలు తీరాయి, మీ కోరిక పని మీదిది, ఎవరి గౌరవాన్నీ అది తినివేయదు. అలాగైతే అది ఆశే, దురాశ కాదు. అబ్బాయి అనుమతి కోసం ఆగవద్దు, కాని అబ్బాయికి చెప్పే కొనండి. ఖర్చుకు ఒక హద్దు ముందే గీసుకోండి. పొద్దున్నే మూసారాంబాగ్ గుట్ట మీది రేమండ్ సమాధి దగ్గరికి వెళ్లి, ఆ నల్లరాతి స్తంభం మీద ఎండ ఎలా దిగుతుందో చూడండి. అది 1798లో చనిపోయిన ఒక ఫ్రెంచి సైనికుని గురుతు. రోజూ దాని పక్కనుంచి వెళ్లేవారిలో తలెత్తి చూసేవారు కొద్దిమందే.

మిగిలిన పాఠకులకు ఒక చిన్న పని. ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ ఇంట్లో పెద్దవారిని ఒక్క ప్రశ్న అడగండి: "మీకు చిన్నప్పుడు ఏం నేర్చుకోవాలని ఉండేది?" హార్మోనియం అనవచ్చు, ఈత అనవచ్చు, ఏమీ లేదురా అని దాటవేయవచ్చు. దాటవేస్తే మళ్లీ అడగండి. రెండోసారి అడిగేవారి కోసమే చాలామంది తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు.